చివరి టీ పలకని మాట

మా నీటి సరఫరా ఆఫీసు సూపరింటెండెంటుగారికి ఇంగ్లీషంటే ప్రాణం. ఎవరికీ తెలియని మాటొకటి దొరికిందంటే ఆ రోజు ఆయన కాళ్లు నేలమీద ఆనవు.

ఆ ఏడు స్టోర్‌కీపర్ మీద ఇంగ్లీషులో రహస్య నివేదిక రాయించడానికి నన్ను పిలిచారు. నేను టైపిస్టుని. పాపం, స్టోర్‌కీపర్‌గారు ఆ నెలలోనే ఫిట్టర్‌ని పైపుల గదిలో ఉంచి తాళం వేసుకుని భోజనానికి వెళ్లిపోయారు.

"రాసుకోమ్మా. ఈయన స్వతహాగా డిస్ట్రే. చివర టీ ఉంటుంది, పలకకూడదు."

"అంటే మతిమరుపా సార్?"

"మతిమరుపు అందరికీ ఉంటుంది. ఇది వేరు. లోపల ఏదో బెంగ తొలిచేస్తుంటే మనిషి ఇక్కడుంటాడు, మనసుండదు. అలాంటివాణ్ణే డిస్ట్రే అనాలి. ఊరికే గొడుగు మరిచిపోయినవాణ్ణి అంటే తప్పు."

"మరి ఈయన బెంగేంటి సార్?"

"అది నాకెందుకమ్మా? మాట కుదిరిందా లేదా? తగిన చోటికి మార్చగలరని కూడా కొట్టు."

నేనే వెళ్లి స్టోర్‌కీపర్‌గారిని అడిగాను. వాళ్లమ్మ ఈమధ్య తలుపు తీసుకుని ఎటో నడిచి వెళ్లిపోతోందట. రెండుసార్లు పోలీసులు తెచ్చి దిగబెట్టారట.

"ఫోను మోగితే గుండె జారిపోతోందండీ. మోగకపోయినా అంతే," అన్నారు.

ఇల్లేమో జిల్లా ఆఫీసు వెనక సందులో. ఇక్కడికి రెండు బస్సులు మారి రావాలి.

నివేదిక టైపు చేస్తుంటే ఆ మాట కింద ఎర్రగీత పడింది. కంప్యూటరుకీ మా సార్‌కి వచ్చినంత ఇంగ్లీషు రాదు. 'డిస్ట్రిక్ట్' అనా మీ ఉద్దేశం, అని అడిగింది. అవునన్నాను.

సార్ ఆ మాట గొప్పతనం ఇంకోసారి వివరిస్తూనే, చదవకుండా సంతకం గీకేశారు.

'స్వతహాగా డిస్ట్రిక్ట్, తగిన చోటికి మార్చగలరు' అన్నది పై ఆఫీసువాళ్లకి ఇట్టే అర్థమైపోయింది. నెల తిరక్కుండా ఆయన్ని జిల్లా స్టోర్స్ అధికారిగా వేశారు.

ఆర్డరు చూసి సార్ ఎగిరిపడ్డారు. "కొట్టేటప్పుడు కళ్లు ఎక్కడ పెట్టుకున్నావమ్మా?"

"కింద తమరి సంతకం ఉంది కదండీ. చూసే పెట్టారనుకున్నాను."

ఫిర్యాదు రాయడం మొదలుపెట్టారు. చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవలసిన వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో పారేశారు.

ఇప్పుడు నెలకోసారి మా సార్ సామాన్ల జాబితా పట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్లి, గది బయట బల్లమీద కూర్చుంటారు. మధ్యాహ్నం వెళ్తే మాత్రం గంటసేపు ఆగాల్సిందే. ఆ వేళకి అధికారిగారు వెనక సందులో వాళ్లమ్మకి అన్నం తినిపిస్తుంటారు.