పన్నెండో తల

లీమాలో బండి ఎక్కేటప్పుడే నిర్ణయించుకున్నాను, ఈసారి నికనోర్ చేతి నుంచి ఏదీ తినకూడదని. తిన్నానంటే నా పని అయిపోయినట్టే.

పది రోజుల ప్రయాణం. నికనోర్ డ్రైవరు, నేను గైడు. అతను బండి తిప్పుతాడు, నేను మాట తిప్పుతాను. పదమూడేళ్లుగా ఇలా తిప్పుకుంటూనే ఇద్దరం తిప్పలు పడుతున్నాం. ఇన్నాళ్లూ అతని పొట్లంలో సగం నాది, నా ఫ్లాస్కులో సగం అతనిది. కానీ ఈసారి ఆ పొట్లాల వెనక ఒక పథకం ఉంది. ఆ సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు. నాకు తెలుసని కూడా అతనికి తెలుసు.

అతని కూతురు పేరు ఇల్లరి. పేరు ఇల్లరి, పని అల్లరి, వయసు ఐదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల తల మీద కత్తెర పడలేదు. మా ప్రయాణం ముగిసేది అడవిలోని పుయెర్తో మల్దొనాదోలో. నికనోర్ ఇల్లు కూడా అక్కడే. పదో రోజు ఆదివారం, ఆ రోజు ఇంట్లో పిల్లకి మొదటి జుట్టు తీస్తారు. మొదటి పాయ కత్తిరించినవాడు ఆ పిల్లకి జన్మంతా రెండో తండ్రి, కన్నతండ్రికి కొంపాద్రే. అంటే ఆ కొంపలో మనిషైపోయినట్టే, ఇక కొంప మునిగినా తేలినా వాళ్లతోనే.

అలాంటి మనిషిని నోరు తెరిచి అడగడం కొండల్లో పుట్టిన మాలాంటివాళ్ల పద్ధతి కాదు. రొట్టె తెస్తారు, పండో మాంసమో తెస్తారు, ముందు పెట్టి ఊరుకుంటారు. ముట్టుకుంటే ఒప్పుకున్నట్టు. ముట్టుకోకపోతే తెచ్చినవాడు మూట కట్టుకుని వెళ్లిపోతాడు. మళ్లీ ఆ గడప తొక్కడు. మా ఇద్దరికీ గడప ఒక్కటే, ఈ బండి మెట్టు. అది తొక్కకుండా బతికే దారి ఇద్దరికీ లేదు. అందుకే నికనోర్ తెలివిగా చిన్న చిన్న పొట్లాలతో మొదలుపెట్టాడు, అందుకే నేను కడుపు బాగాలేదని మొదలుపెట్టాను.

పిల్లలంటే నాకు ఇష్టం లేక కాదు. ఇప్పటికే పదకొండు తలలు నా చేతుల మీదుగా వెళ్లాయి. గైడు కదా, నాలుగు మాటలు చెబుతాడు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు, ఫొటోలో బాగుంటాడు అని అడిగిన ప్రతివాళ్లింటికీ వెళ్లాను. కత్తిరించాను, తిన్నాను, తాగాను, ఫొటోలో నవ్వాను, మరిచిపోయాను. పెరూలో ఏ మూల ఊరి పేరైనా చెబుతాను గానీ, ఆ పదకొండు మంది పేర్లు అడిగితే నీళ్లు నములుతాను. పోయినేడు అరెకిపాలో ఒక హోటలు. తాళాలిచ్చే అమ్మాయి నా వంకే చూస్తుంటే, "ఏమ్మా, నీ పేరేంటి" అన్నాను.

"యెసేనియా. నా మొదటి జుట్టు మీరే తీశారు కదండీ" అంది. తాళం చేతికిచ్చి, "మూడో అంతస్తు, కుడివైపు" అని చెప్పింది. అంతే. నిష్ఠూరం లేదు, నవ్వు లేదు. పదకొండుసార్లు అందరి ముందూ తలెత్తుకుని కత్తిరించినవాణ్ణి, ఆ మూడంతస్తులూ తల దించుకుని ఎక్కాను. గది తలుపు తీసేలోపే పన్నెండో తల వద్దని ఒట్టు పెట్టుకున్నాను.

ఈ మాట నికనోర్‌కి చెప్పొచ్చు. కానీ సిగ్గు. మైకు చేతికిస్తే రెండువేల ఏళ్ల చరిత్ర దడదడా చెప్పేవాణ్ణి, ఈ ఒక్క చిన్న చరిత్ర చెప్పలేకపోయాను.

ఆ ప్రయాణంలో మా మీద పడ్డది ట్రుహీయో నుంచి వచ్చిన పద్నాలుగు మంది రిటైరైన టీచర్లు. వాళ్లకి పెద్ద జొరైదా టీచరు, డెబ్భై ఒక్కేళ్ల లెక్కల మేడమ్. సరిగ్గా మా వెనక సీట్లో కూర్చుంది.

లీమా పొలిమేర దాటి పొగమంచు కాస్త విడిచేసరికి నికనోర్ పొట్లం విప్పాడు.

"అన్నా, మొక్కజొన్న కండె. ఇంకా వేడిగా ఉంది."

"కడుపు బాగాలేదు తమ్ముడూ."

"పొద్దున హోటల్లో మూడుసార్లు వడ్డించుకున్నావుగా."

"అందుకే బాగాలేదు."

వెనక నుంచి గాజుల చెయ్యి ఒకటి మా ఇద్దరి మధ్యలోకి వచ్చింది. "నా కడుపు భేషుగ్గా ఉంది నాయనా. ఇలా ఇవ్వు."

అప్పటి నుంచి అదే వరస. పరాకాస్‌లో సముద్రసింహాల్ని చూపించి పడవ దిగేసరికి నికనోర్ ఒడ్డున వేయించిన చేపతో నిలబడి ఉన్నాడు. టీచరు తింది. ఇకాలో ఇసుక దిబ్బల మీద పద్నాలుగు మందినీ దొర్లించి, దులిపి బండి ఎక్కించేసరికి కాగితం చుట్టిన మిఠాయిలు. టీచరు తింది. కోస్తా ఆవిడ కాబట్టి ఆవిడ తింటే లెక్కలోకి రాదని నేను సర్దిచెప్పుకున్నాను. నికనోర్ మాత్రం అద్దంలో ఆవిడ నమిలేది చూసి, గతుకు లేకపోయినా గేరు మార్చేవాడు.

నేల మీద పాతకాలపు పెద్ద పెద్ద గీతల బొమ్మలున్న నాస్కా దారిలో నారింజ పండొకటి అద్దం ముందు పెట్టాడు. "ఇవ్వట్లేదన్నా, పెట్టానంతే" అన్నాడు. ఆ ఎడారిలో రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. రోడ్డు తిన్నగా ఉంది, నేనే తినకుండా ఉన్నాను. అయినా ఆ పండు ఏ మలుపూ లేని చోట దొర్లుకుంటూ దొర్లుకుంటూ నా ఒళ్లోకి వచ్చేది. చూస్తే స్టీరింగు మీద నికనోర్ బొటనవేలు చిన్నగా కదులుతోంది. చేత్తో తాకకుండా మైకుతో దాన్ని వెనక్కి తోశాను. అది మైకులో "గుళుక్" మంది. ఆ శబ్దం ఏమిటని వెనక ఎవరో అడిగారు.

"నాస్కా గీతల ప్రభావం" అన్నాను.

జొరైదా టీచరు ముందుకు వంగింది. "మీ ఇద్దరికీ ఏదో గొడవ ఉంది."

"అబ్బే, ఏం లేదు టీచరుగారూ."

"నలభై ఏళ్లు బెంచీల మీద పిల్లల్ని కూర్చోబెట్టాను బాబూ. ఒకడు ఇస్తుంటే పక్కవాడు తీసుకోవట్లేదంటే ఏమీ లేకుండా ఉండదు. పెన్సిలు దొంగతనమైనా అయ్యుండాలి."

నా నాస్కా గీతల మాటకి నికనోర్ నవ్వలేదు. మామూలుగా నా జోకులకి ముందు నవ్వేది అతనే. పదమూడేళ్లుగా విన్న జోకుకి కూడా కొత్తగా నవ్వుతాడు, అది అతని మంచితనం. అరెకిపాలో యెసేనియా పనిచేసే హోటల్లో నీళ్లు సరిగా రావని కంపెనీకి అబద్ధం చెప్పి వేరే హోటలు మార్పించాను. అతను కొత్త హోటలు ముందు సామాన్లు దింపాడు, వెళ్లి బండి కడుక్కున్నాడు.

కుస్కో చేరేసరికి మా మధ్య మాటలు బాగా పొదుపైపోయాయి. "ఎడమకి." "సరే." "పదింటికి." "సరే." ఊరంతా తిప్పి, ఇంకా రాజులు కట్టిన గోడల్లో రాళ్లెలా అతికాయో టీచర్లకి చెబుతూ, రాయికీ రాయికీ మధ్య కాగితం కూడా దూరదని గొప్పగా అంటున్నాను. ఎదురుగా బండి దగ్గర ఒంటరిగా నిలబడి రొట్టె తింటున్న నికనోర్ కనపడ్డాడు. మా ఇద్దరి మధ్య అప్పటికి ఒక లారీ దూరేంత సందుంది.

తొమ్మిదో రోజు పొద్దున్నే అడవి వైపు బయలుదేరాం. దారిలో ఒరోపెసా, రొట్టెల ఊరు. నికనోర్ బండి ఆపి దుకాణంలోకి వెళ్లాడు. టీచరు కూడా కాళ్లు చాపుకుందామని వెనకే దిగింది. నేను దిగలేదు. తిరిగొచ్చినప్పుడు నికనోర్ చేతుల్లో బండి చక్రమంత రొట్టెలు రెండు ఉన్నాయి. వాటి మీద కప్పిన నేత గుడ్డ కొత్తది. ఈసారి పొట్లం కాదు. టీచరు సీట్లో కూర్చుని నా వీపునే చూస్తోందని అద్దంలో కనపడింది. నా వీపు చురచురలాడింది.

కొండ మీది కనుమ దగ్గర మేం ఎప్పుడూ ఆగుతాం, మంచుకొండ ఫొటోల కోసం. టీచర్లంతా శాలువలు కప్పుకుని దిగారు. నికనోర్ సీసాలో నీళ్లతో చేతులు కడుక్కున్నాడు. రోడ్డు పక్కన చదునైన రాయి మీద ఆ గుడ్డ పరిచాడు. రొట్టెలు పెట్టాడు. చిన్న సారా సీసా మూత తీసి నాలుగు చుక్కలు నేలతల్లికి పోశాడు, తను తాగలేదు, బండి నడపాలి కదా. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. ఒక్కడే నిలబడ్డాడు, గాలి జుట్టు లేపుతోంది.

అలవాటు కొద్దీ నేను జొరైదా టీచరు వంక చూశాను. ఆవిడ రెండు చేతులూ శాలువలో దాచుకుంది.

"రొట్టెలమ్మే ఆవిడ ఎవరి జుట్టుకని అడిగింది ఇతన్ని" అంది టీచరు. "నేను ఆవిణ్ణి అడిగాను. అంతా చెప్పింది. ఇన్నాళ్లూ నేను తిన్నది ఏమిటో ఇవాళ తెలిసింది."

"మీకు లెక్కలోకి రాదు టీచరుగారూ" అన్నాను.

"లెక్కల గురించి నాకు నువ్వు చెప్పకు. చూడు బాబూ, నీకు ఇష్టం లేకపోతే ఆ పిల్ల జుట్టు నేనే తీస్తాను. ట్రుహీయో నుంచి ఏటా వస్తాను కూడా. కానీ నువ్వు వద్దంటున్నట్టు నోటితో చెప్పాలి. అతని మొహం చూసి చెప్పాలి. కడుపునొప్పి సెలవుచీటీలు నా క్లాసులో చెల్లవు."

పదమూడు మంది టీచర్లు మంచుకొండని వదిలేసి మమ్మల్నే చూస్తున్నారు.

చెప్పాను. నికనోర్ మొహం చూసే చెప్పాను. పదకొండు తలలూ, పేర్లు లేని ఫొటోలూ, తాళం ఇచ్చిన యెసేనియా. "నీ పిల్లని కూడా అలా మరిచిపోతాను తమ్ముడూ. ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడో కనపడితే పేరడుగుతాను. దాని కన్నా ఇప్పుడు నీ రొట్టె ముట్టుకోకపోవడం నయం."

నికనోర్ టోపీ అంచు తిప్పుతూ విన్నాడు. "యెసేనియా సంగతి నాకు తెలుసన్నా. ఆ రోజు పెట్టెలు మోస్తూ నీ వెనకే ఉన్నాను."

"తెలిసి కూడా నన్నే అడుగుతున్నావా?"

"ఆ మెట్లు నువ్వెలా ఎక్కావో చూశాను కాబట్టే అడుగుతున్నా."

నేను రాయి మీది రొట్టెల వంక చూశాను.

టీచరు గొంతు సవరించుకుంది. "సరే. మౌఖిక పరీక్ష. ఇల్లరి ఎప్పుడు పుట్టింది?"

"ఫిబ్రవరిలో, గురువారం. వానలకి వాగు పొంగి రోడ్డు తెగిపోయింది. ఇతను నాస్కాలో ఇరుక్కున్నాడు, కూతురి ఏడుపు ఫోన్లో విన్నాడు. స్పీకరు పెట్టి బండిలో ఉన్న జర్మన్లందరికీ వినిపించాడు."

"దేనికి భయం?"

"బాతులకి. ఏనుగంత ఎద్దునైనా తోక పట్టుకుని లాగుతుంది గానీ, బాతు కనపడితే వాళ్ల నానమ్మ పావడాలో దూరుతుంది."

"ఏం తినదు?"

"సూప్‌లో కొత్తిమీర. ఏరి ఏరి తీసి నాన్న గిన్నెలో వేస్తుంది. ముందు పన్ను పోయిన నెల ఊడింది. ఊడలేదు, చెరుకు గడతో పీకేసుకుంది. పడుకునే ముందు..."

అక్కడ ఆగాను. మైకు లేకుండా, కాగితం లేకుండా, ఒక్క ఊపున చెప్పుకుపోతున్నాను. ఐదేళ్లుగా పక్క సీట్లోంచి కిలోమీటరుకింత చొప్పున నా చెవిలో పడిందంతా లోపల ఉండిపోయింది. నేను కంఠతా పట్టలేదు. దానంతటదే పట్టుకుంది.

"పడుకునే ముందు?" అంది టీచరు.

"పడుకునే ముందు బండి ఏ ఊళ్లో ఉందో అడుగుతుంది. ఇతను చెప్పేదాకా నిద్రపోదు."

నికనోర్ టోపీతో ముక్కు తుడుచుకున్నాడు. చలికి అన్నాడు.

రాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. రొట్టె అంచు విరిచాను. తీపి, సోంపు వాసన, కింద పొయ్యిలో అంటిన ఊక గరగర. తొమ్మిది రోజుల ఆకలి ఒక్కసారి లేచింది. రెండో ముక్క విరిచాను, మూడోది కూడా. మర్యాదకి ఒక ముక్క చాలు, కానీ నా ఆకలికి మర్యాద తెలీదు.

"చాల్లెద్దూ, మాకూ ఉంచు" అంది జొరైదా టీచరు, శాలువలోంచి చేతులు బయటికి తీస్తూ.

పద్నాలుగు మందీ తిన్నారు. బండి ఎక్కబోతుంటే నికనోర్ తలుపు తీసి పట్టుకున్నాడు. పదమూడేళ్లలో నా కోసం తలుపు తీసింది అదే మొదటిసారి.

"ఎక్కండి కొంపాద్రే. మీ నడుముకి చలి తగులుతుంది, కిటికీ వేసుకోండి."

"మీరు తిన్నారా కొంపాద్రే?" అన్నాను. మా దగ్గర అంతే. రొట్టె గొంతు దిగిందంటే 'నువ్వు' పోయి 'మీరు' వస్తుంది. కొత్త చెప్పుల్లాగా ఎక్కడో ఒత్తుతుంది.

బండి కనుమ దిగింది. మబ్బుల్లోంచి వానలోకి, వానలోంచి ఆకుపచ్చలోకి. చలి వదిలి చెమట మొదలైంది, శాలువలు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. రాళ్లు పడే మలుపు దగ్గర మేం ఎప్పుడూ తిట్టుకుంటాం. నేను "నెమ్మదిగా పోవయ్యా" అంటాను, అతను "నువ్వు నడుపు మరి" అంటాడు.

"కొంచెం నిదానంగా పోనిస్తారా కొంపాద్రే" అన్నాను.

"తమరు చెప్పాక తప్పుతుందా కొంపాద్రే" అన్నాడు.

వెనక సీట్లో గుసగుసలు. జొరైదా టీచరు ముందుకు వంగింది. "ఏమర్రా, మళ్లీ గొడవపడ్డారా? ఇంత మర్యాదగా మాట్లాడుకుంటున్నారేంటి?"

"లేదు టీచరుగారూ. ఇక మీదట మేం ఇంతే."

"పాపం" అని వెనక్కి జారబడి కళ్లు మూసుకుంది.

వాన అద్దం మీద గట్టిగా కొడుతోంది. వైపర్లు ఇటూ అటూ ఊగుతున్నాయి. నేనే అడిగాను.

"రేపు పిల్ల కదలకుండా కూర్చుంటుందంటారా? నా చేతిలో కత్తెర ఉంటుంది."

నికనోర్ గేరు మార్చాడు. ఈసారి నిజంగానే గతుకుంది.

"మీ కూతురే కదండీ. మీరే చెప్పి కూర్చోబెట్టుకోండి."