నూరేళ్ళ హామీ డిస్కు

మరిది కొత్త డిస్కును రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని చూపించినప్పుడే పెద్దకోడలికి అనుమానం మొదలైంది. చూడబోతే అది పాతవాటిలాగే ఉంది. అదే గుండ్రం, అదే చిల్లు.

"ఇందులో రెండొందల డిస్కులు పడతాయి వదినా. ఒకసారి రాసి మూసేస్తే నూరేళ్ళు చెక్కుచెదరదు. ఇంకా బజార్లోకి రాలేదు. పరీక్షించి చూడమని కంపెనీవాళ్ళు మా షాపుకి ఒక్కటి ఇచ్చారు."

"కంపెనీ పెట్టి ఎన్నాళ్ళైంది?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళ పసివాడు నూరేళ్ళకి హామీ ఇచ్చాడన్నమాట. సరే, దేన్లో పెట్టి చూడాలి?"

మరిది డిస్కును జాగ్రత్తగా కవరులోకి జార్చాడు. "రాసే మిషను ఇచ్చారు. ఇంట్లో చూసుకునేది వచ్చే ఏడాది వస్తుంది."

ఇంట్లో అట్టపెట్టె నిండా డిస్కులున్నాయి. పిల్లల తొలి అడుగులు, మామగారి రిటైర్మెంటు ఉపన్యాసం, ఎవరు తీశారో తెలియని ఒక గంటసేపు గోడ. వాటిలో ఆమెకు ప్రాణమైనది ఒక్కటే. పోయిన అమ్మ గొంతు ఆ డిస్కులో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. మొత్తం నలభై నిమిషాలు. దానికీ వయసు మీదపడి, ఈమధ్య పదకొండో నిమిషం దగ్గర ఆగి, దమ్ము తీసుకుని కదులుతోంది. ఇవ్వకపోతే అదే పోతుంది. ఇస్తే మరిది పోగొడతాడు.

చదువుకున్న మనిషి గనక మధ్యేమార్గం కనిపెట్టింది. 'అమ్మ' అని రాసిన కవరులో ఖాళీ డిస్కు పెట్టి, పెట్టెలోని మిగతావాటితో కలిపి పంపింది. అసలుది చీరల మడతల్లో దాచింది. అమ్మ బాగా వచ్చిందని మరిది అన్నాడంటే దొంగ దొరికినట్టే.

పది రోజులు అతను ఇటు తొంగిచూడలేదు. భోజనానికి పిలిస్తే కడుపు బాగాలేదన్నాడు. కడుపునొప్పిలోనూ ఆమె వంట వదలని మనిషి! అనుమానం కాస్తా రూఢి అయింది. పదకొండోనాడు, ఇంట్లో వదలడానికి మనసొప్పక అసలు డిస్కును సంచిలో వేసుకుని, షాపుకి బయల్దేరింది.

మరిది ఒక డిస్కు తుడుస్తున్నాడు. ఆమెను చూశాక, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు.

"అయిందా?"

"అయింది. మూసేశాను కూడా. ఇంక అందులో చుక్క కూడా చేర్చలేం."

"మా అమ్మది?"

"అత్తయ్యగారిదా... బ్రహ్మాండంగా వచ్చింది."

"ఏ చీర కట్టుకుంది?"

"నీలం... నీలంలాంటిది."

"నవ్వుతోందా?"

"ఒకటే నవ్వు."

"అబ్బాయ్, నేనిచ్చింది ఖాళీ డిస్కు."

అతని మొహం మాడుతుందనుకుంది. అతనేమో స్టూలు మీద కూలబడ్డాడు. "ఖాళీదేనా? నువ్వే ఇచ్చావా?" సొరుగులోంచి మిషను ఇచ్చిన చీటీ తీసి చూపించాడు. ముప్పై ఏడోది: ఏమీ లేదు. "నా మిషనే అత్తయ్యగారిని చెరిపేసిందనుకున్నాను వదినా! ఏ మొహం పెట్టుకుని రావాలో తెలీక పదిరోజులుగా నిద్ర లేదు. ఇంత దుర్మార్గమా!"

"చూడని నవ్వు చూశానన్నావుగా. చెల్లుకి చెల్లు."

గెలిచినట్టే ఉంది గానీ, ఆ గెలుపు ఎక్కువసేపు నిలవలేదు. పెద్ద డిస్కు మూతపడిపోయింది. గోడతో సహా అందరూ లోపలున్నారు. అమ్మ ఒక్కతే బయట. ఆమె సంచిలోంచి అసలు డిస్కు తీసి ఇచ్చింది.

మరిది దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి పెదవి విరిచాడు. పాత మిషన్లో నిదానంగా తిప్పాడు.

"ఆ కెమెరా పక్కన పెట్టి ఈ గిన్నెలు తుడవ్వే," అంది అమ్మ.

పదకొండో నిమిషంలో ఆగింది. అతను తీసి, మధ్యనుంచి అంచుకి మెత్తగా తుడిచి, మళ్ళీ పెట్టాడు. కదిలింది. ముప్పై ఒకటో నిమిషంలో మళ్ళీ ఆగింది. మూడుసార్లు తుడిచినా కదలలేదు. మిగతా తొమ్మిది నిమిషాల్లో అమ్మ ఏమందో ఆమెకు తెలుసు. ఎలా అందో మాత్రం ఇక వినబడదు.

"పదిరోజుల కిందట తెచ్చుంటే?"

"వచ్చేదేమో. రాకపోయేదేమో. తెలీదు వదినా."

ఊరడించడానికి ఒక అబద్ధం అతని నోటిదాకా వచ్చి ఆగింది. ఆమెకు అది కనబడింది.

వచ్చినంతవరకు మూడు ప్రతులుగా మామూలు డిస్కుల్లోకి ఎక్కించి ఆమె చేతికిచ్చాడు. "కంపెనీవాళ్ళని ఇంకో పెద్ద డిస్కు అడుగుతాను. అందులో అత్తయ్యగారిని ఒక్కరినే రాద్దాం. ఈసారైనా నమ్ముతావా?"

"నమ్మను," అంది, స్టూలు దగ్గరికి లాక్కుంటూ. "అయినా రాయి. రాసినంతసేపూ నేను పక్కనే కూచుంటాను."