మూలల్లో గాట్లు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోతాను, మేలు దాకా నా బుర్ర పోదు. దానివల్ల మా అమ్మాయికి ఏం జరిగిందో రాస్తున్నాను.

దాని పని అక్షరాలు గీయడం. ఓ పాత ఇంగ్లీషు దినపత్రికవాళ్లు ముప్ఫై ఏళ్ల తర్వాత హెడ్డింగుల అక్షరాలు మార్చాలనుకున్నారు. పాత పద్ధతిలోనే ఉండాలి, కానీ లావుగా ఉండాలి, పేపరు రోడ్డవతల కొట్లో వేలాడుతున్నా ఇవతలివాడు చదవాలి అన్నారు. రెండేళ్లు గీసింది. నిలువు గీతలు దిమ్మల్లా, అడ్డగీతలు సన్నగా, ప్రతి కొసకీ ఓ చిన్న పాదం. ఆ పాదాలుంటేనే అక్షరం నేలమీద నిలబడినట్టుంటుందట. కుదిరితే ఆ పత్రికలోనే పర్మినెంటు ఉద్యోగం. కుదరకపోతే మళ్లీ మందుసీసాల లేబుళ్లే.

పత్రికవాళ్లకి చూపించాల్సిన వారం, కంప్యూటరు తెరమీద అక్షరాల్ని పెద్దవి చేసి నాకు చూపించింది. గీతలు కలిసే మూలల్లో అన్నీ గాట్లే.

"ఇవేంటే, ఎలకలు కొరికినట్టు?"

"అచ్చులో సిరా పాకుతుందమ్మా. ఆ గాట్లలోకి పోతుంది. కాగితం మీద కనపడవు."

"మీ పెద్ద ఎడిటరు ముందు చూసేది కాగితమా, తెరా?"

"తెరే."

"అయితే మన కొంప మునిగినట్టే. పిల్లకి పని రాదని అక్కడే పంపించేస్తాడు."

"నీ నోట మంచిమాట ఒక్కటైనా వస్తుందా!" అని నవ్వింది.

నేను ఊరుకుంటేగా. మూడు రోజులు అన్నం దగ్గర కూడా అదే పాట. నాలుగో రోజు, "ఈ కాలం మిషన్లు శుభ్రంగానే వేస్తాయేమోలే" అంటూ ఒక్కో గాటూ పూడ్చేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎడిటరుగారు తెరమీద చూసి, "రాతిలో చెక్కినట్టున్నాయి" అన్నారట. మర్నాడే ప్రెస్సులో ట్రయలు. నన్నూ రమ్మంది, వెళ్లాను.

అందరూ మిషన్ బాబాయి అని పిలిచే ఆయన మొదటి కాపీ లాగి దీపం కింద పట్టాడు. అక్షరాల కడుపులన్నీ సిరాతో పూడిపోయాయి. తారు ఒలికినట్టు ఒకటే నలుపు.

"గాట్లు పెట్టలేదేంటమ్మా? మన కాగితం అసలే తాగుబోతుది. ఇంత లావు అక్షరం దానిమీద బతుకుతుందా?"

"ఉండేవి బాబాయ్. తీసేశాను."

నావైపు చూడలేదు. తీయించింది నేనేనని చెప్పాను. మిషన్ చప్పుడులో నా మాట నాకే వినపడలేదు.

"వారం టైమివ్వండి సార్" అని పక్కనే ఉన్న ఎడిటరుగారిని అడిగింది.

ఆయన వేళ్లకంటిన సిరా తుడుచుకుంటూ, "రెండేళ్లిచ్చాం కదమ్మా. పాతవే ఉంచేద్దాం" అన్నారు.

బస్సులో, "అంతా నావల్లే కదే?" అన్నాను.

"గీసింది నేను కదమ్మా" అంది, మెల్లగా. తిట్టుంటే కాస్త తేలికపడేదాన్ని.

ఇప్పుడు దగ్గుమందుకీ ఫినాయిలుకీ లేబుళ్లు గీస్తోంది. అడిగితే బాగానే మాట్లాడుతుంది, వేళకి తింటుంది. నేను టీ పట్టుకెళ్లి వెనక నిలబడితే మాత్రం చేతులు ఆపేస్తుంది. నేను గదిలోంచి వెళ్లేదాకా అలాగే కూర్చుంటుంది.