పిలిస్తే దిగలేదట

మా తమ్ముడు ఓడ దిగనన్నాడట! పేపర్లో ఫోటో వేసి మరీ రాశారు. యుద్ధనౌక మునిగిపోతున్నా ఫిరంగుల అధికారి తన చోటు వదల్లేదట, ప్రాణం కన్నా విధే మిన్న అనుకున్నాడట. చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. వడ్డించానంటే మెట్లు రెండేసి దూకి వచ్చే మనిషి, బతుకు మీద అంత తీపి ఉన్నవాడు, రమ్మంటే రానంటాడా? నన్ను ఒంటరిదాన్ని చేసి తనంతట తానే పోయాడంటే నేను నమ్మను.

మేమిద్దరమే. అమ్మా నాన్నా పోయాక కుట్టుమిషను తొక్కి వాణ్ణి చదివించాను. నేవీలో చేరిన కొత్తల్లోనే, కాల్పులు నేర్పుతుండగా ఫిరంగి పక్కనే పేలి వాడి ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఇంకొకడైతే ఒడ్డున కుర్చీ వెతుక్కునేవాడు. వీడు గుండ్లు మోసే దగ్గర మొదలుపెట్టి, ఫిరంగులన్నిటికీ గురి చెప్పే అధికారి దాకా ఎదిగాడు. అంత గురి మరెవరికీ లేదు గనక పైవాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

"నాది గురి చూసే పనక్కా, కబుర్లు వినే పని కాదు" అనేవాడు. ఓడలో పాతవాళ్ళు ముందు భుజం తట్టి, తర్వాతే మాట్లాడేవాళ్ళట. సెలవుకి వస్తే నేను కుడివైపే కూర్చునేదాన్ని. ఎడమవైపు నుంచి ఎంత తిట్టినా గోడకి చెప్పినట్టే.

మొన్న నేను బట్టలు కుట్టే కొట్టుకి ఆ ఓడలోని నావికుడొకడు వచ్చాడు. నలభై దాటిన మనిషి, చేతికి కట్టు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారుని ఆఖరిసారి చూసింది నేనేనండీ" అన్నాడు.

కత్తెర పక్కన పెట్టేశాను. "నిజం చెప్పు నాయనా. రానన్నాడా?"

"పైన గురి చూసే గదిలో ఒక్కరే ఉన్నారండీ. ఓడ ఒరిగిపోతోంది, అందర్నీ దిగిపొమ్మన్నారు. తలుపు దగ్గర నిలబడి గొంతు చించుకుని పిలిచాను. తల కూడా తిప్పలేదు. కుడి చెవికి ఫోను పెట్టుకుని, కింద ఫిరంగుల దగ్గరివాళ్ళ జవాబు కోసం చూస్తున్నారు. ఆ లైను ఎప్పుడో తెగిపోయిందండీ. కింద ఎవరూ లేరు."

"తలుపు ఎటువైపు?"

"ఆయనకి ఎడమవైపండీ."

"ఆ ఓడలో ఎన్నాళ్ళ నుంచి ఉన్నావు?"

"వేరే ఓడ నుంచి ఆ వారమే మారానండీ."

భుజం తట్టమని నీకెవరూ చెప్పలేదా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఈలోపే ఆయన బల్ల మీద కూలబడి భోరుమన్నాడు.

"ఇంకో రెండడుగులు లోపలికి వేసి చెయ్యి పట్టి లాగి ఉంటే వచ్చేవారేమో. కంటి మీద కునుకు లేదమ్మా. చెప్పండి, నా పిలుపు విన్నారు కదా? వినే రాలేదు కదా?"

ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. కానీ ఎవరి మీదని చూపించను?

"వినే ఉంటాడు నాయనా" అన్నాను. "చిన్నప్పట్నుంచీ మహా మొండి. నేను పిలిచినా వచ్చేవాడు కాదు."

ఆయన మొహం తేటపడింది. కళ్ళు తుడుచుకుని, నా రెండు చేతులూ పట్టుకుని, వెళ్ళిపోయాడు.

వాడు రానన్లేదు. పిలిచినట్టే వాడికి తెలియదు. కింద అందరూ ఉన్నారనుకుంటూ కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పుకుని ఏడవడానికి నాకు వాడు తప్ప ఇంకెవరున్నారు?