ఎనిమిది నిమిషాలు

చిలేషే మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో బేసిన్ పట్టుకుని, ఇంకో చేత్తో జగ్గులోంచి మొగుడి చేతుల మీద నీళ్ళు పోస్తోంది.

"ఇంత చల్లగా ఉన్నాయేం?" అన్నాడు కపెంబ్వా, టీవీలో ఫుట్‌బాల్ మీంచి చూపు తిప్పకుండా. "కాస్త వెచ్చబెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

ఎంతసేపు పడుతుంది. ఈ మధ్య ఆ మాట ఆమెని వదలడం లేదు. రెండు వారాలపాటు గుమ్మం గుమ్మానికీ తిరిగి తను అడిగింది అదే. మీ ఇంటికి నీళ్ళు తేవడానికి ఎంతసేపు పడుతుంది?

కొత్త మేయరమ్మ వచ్చాక పురపాలక సంఘంలో ఒక పద్ధతి మొదలైంది. ప్రతి మంగళవారం సభలో గోడ మీద ఊరి పటం వెలుగుతుంది. నీళ్ళకి గంట దాటే పేటలు ఎర్రగా, పావుగంట లోపు అయ్యేవి పచ్చగా. గొంతు పెద్దదైన కౌన్సిలర్‌కి కుళాయి దక్కే రోజులు పోయాయి. "ఉపన్యాసాలొద్దు, లెక్క చూపించండి" అంటుంది మేయరమ్మ. ఆ మాట విని, బజార్లో టమాటాల గంప మానేసి మరీ వచ్చి ఈ లెక్కల పనిలో చేరింది చిలేషే. తన చేతుల మీదుగా ఊరు బాగుపడుతుందనుకుంది. నిజంగానే అనుకుంది.

ఫారంలో ఒకే ప్రశ్న రెండుసార్లు ఉండేది. ఒకసారి ఇంటి యజమానిని అడగాలి, ఇంకోసారి నీళ్ళు మోసే మనిషిని. రెండో జవాబే పటానికి ఎక్కుతుంది. కానీ వాళ్ళ పేటలో వచ్చినవాళ్ళకి బదులు చెప్పేది మగవాళ్ళే. పైగా చిలేషే వెళ్ళే పదింటికి ఆడవాళ్ళంతా కుళాయి దగ్గర వరసలో ఉంటారు. వాళ్ళ కోసం ఆగితే రోజుకి నలభై ఇళ్ళు పూర్తి కావు. సాయంత్రం నాలుగింటికి కుళాయి కట్టేసే లోపు తన బిందెలు తను నింపుకోవాలి, కూతురు మ్వాపే బడి నుంచి వచ్చేసరికి పొయ్యి వెలగాలి, ఈయన వచ్చేసరికి మొక్కజొన్న పిండి న్షిమా ఉడకాలి. అందుకని మొగుళ్ళు చెప్పిందే రెండో గడిలోనూ రాసేసింది. అయిదు నిమిషాలన్నాడు ఒకాయన. "నేను లేచేసరికి ఇంట్లోనే ఉంటాయమ్మా" అన్నాడు ఇంకొకాయన. అన్నీ కలిపితే వాళ్ళ పేటకి సగటున ఎనిమిది నిమిషాలు వచ్చింది. పటం మీద పేటంతా లేత చిగురులా పచ్చబడింది. అందరికంటే త్వరగా ముగించిందని మేయరమ్మ చప్పట్లు కొట్టించింది. ఆ చప్పట్లు విన్నప్పుడు సిగ్గేసింది, నిజమే. సంతోషం కూడా వేసింది. ఆ సంతోషాన్నే ఇప్పుడు క్షమించుకోలేకపోతోంది.

ఎందుకంటే ముసొండా వెళ్ళిపోయింది. పదకొండేళ్ళుగా గోడ పక్క గోడ. వరసలో చిలేషే బిందె కూడా ముందుకి జరిపేది, మ్వాపే పుట్టినప్పుడు నెలరోజులు తనకీ నీళ్ళు మోసింది. వానాకాలం మొదట్లో కుళాయి దగ్గరి బురదలో జారిపడింది. మోకాలు మళ్ళీ సరిగ్గా మడత పడలేదు. "నీళ్ళు తేలేని మనిషితో ఇల్లెట్లా గడుస్తుంది? మీ అక్క దగ్గర ఉండు కొన్నాళ్ళు, మా మేనకోడల్ని పిలిపిస్తాను" అన్నాడట మొగుడు. అరిచి కూడా కాదు, మెల్లగానే అన్నాడట.

శనివారం బస్టాండులో మూట ఎత్తి ఇచ్చింది చిలేషే. ముసొండా కిటికీలోంచి నవ్వింది.

"ఎనిమిది నిమిషాలట గదే, మ్వాపే అమ్మా! మన కౌన్సిలరు ముసలాయన మొత్తుకుంటే మీ మేయరమ్మ అదే చూపించి కూచోబెట్టిందట. ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పవే, నేనూ పోయి రెండు బిందెలు తెచ్చుకుంటాను."

చిలేషే కిటికీ ఊచ పట్టుకుంది.

"ఆ రోజు నిన్ను చూశాను, వరసలోంచి" అంది ముసొండా, ఈసారి నవ్వకుండా. "చెయ్యూపాను. నువ్వూ ఊపావు. ఊపి మా ఇంటివైపే పోయావు. నేను ఇంట్లో లేనని తెలిసే పోయావు."

బస్సు కదిలింది. ఆమె చెయ్యి బయటికి రాలేదు.

కపెంబ్వా చేతులు తుడుచుకుని న్షిమా ముద్ద చేశాడు. "రేపేగా నిన్ను లెక్కలవాళ్ళందరి మీద పెద్దగా వేసేది? అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆఫీసులో పెద్దదైపోతే ఇంట్లో కూర ఎవరు వండుతార్రా అంది." తనే నవ్వుకున్నాడు.

"మ్వాపే నాన్నా, ఆ ఫారాల్లో తప్పు రాశాను."

"ఎవరికైనా తెలుసా?"

"ఊళ్ళో ఎవరికీ తెలీదు."

"మరింకేం? ఆ కూర ఇటు జరుపు."

జరిపింది. చెబితే పదవి మాట అటుంచి, పనే పోతుంది. మళ్ళీ టమాటాల గంపే. చెప్పినంత మాత్రాన ముసొండా తిరిగిరాదు, ఆ బస్సు వెనక్కి రాదు. అయినా కుళాయి దగ్గర ఆమె చోటు ఖాళీగా లేదు, పద్నాలుగేళ్ళ మేనకోడలు అప్పుడే వచ్చి నిలబడింది. పక్కన మ్వాపే తన చిన్న డబ్బాతో నిలబడుతోంది.

మంగళవారం సభలో పటం వెలిగింది. ఈసారి ఇవ్వడానికి ఉన్నవి రెండే కొత్త కుళాయిలు. వాళ్ళ పేట కౌన్సిలర్ లేచి, "మా ఆడవాళ్ళు వరసలో చచ్చిపోతున్నారమ్మా!" అన్నాడు. మేయరమ్మ జాలిగానే చూసింది. "మీ పేటకి ఎనిమిది నిమిషాలు, పెద్దాయనా. లెక్క ఉంది. రెండూ కొండవతలి పేటకే వెళతాయి. సంతకం పెట్టే ముందు ఎవరైనా ఏమైనా అంటారా?" ఆమె చూపు గది చుట్టూ తిరిగి చిలేషే దగ్గర ఆగింది. మెచ్చుకోలుగా నవ్వింది.

చిలేషే లేచింది. బల్ల అంచు పట్టుకుంది.

"ఆ పచ్చరంగు నేను వేసింది, మేడమ్. అది అబద్ధం. నాలుగు వందల పన్నెండు ఇళ్ళలో నీళ్ళు మోసే మనిషిని నేను అడగనే లేదు. అందరినీ అడిగినట్టు రాశాను."

గదిలో ఎవరో కుర్చీ జరిపారు. మేయరమ్మ కలం కింద పెట్టింది. ఆమె మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"నువ్వు అదే పేటలో ఉంటావు కదూ? మీ ఇంటికి ఎంత రాశావు?"

"పది నిమిషాలు."

"నిజానికి?"

"రెండు గంటల నలభై నిమిషాలు." బల్ల అంచు వదిలేసి నిటారుగా నిలబడింది చిలేషే. "మా ఇంట్లో కూడా నేను మా ఆయన్నే అడిగాను, మేడమ్."