డబ్బా మీద తోక లేని చేప

ఆదివారం అందరూ తెల్లబట్టలు కట్టుకుని రావాలని చర్చిలో ప్రకటించారు. పడవ మునిగినా కఫూయిని దేవుడు బతికించాడు కాబట్టి కృతజ్ఞతా ఆరాధన. నేను ఎర్రబట్ట కట్టుకుని బయల్దేరాను. మా వైపు అకాల చావు జరిగిన ఇంటివాళ్ళు కట్టేది ఎర్రబట్టే కదా. నా ఇంట్లో జరిగింది అదే.

"వదినా, ఇదేం పని? పైన ఒక తెల్ల తువ్వాలైనా కప్పుకో," అంది మా ఆడపడుచు యావా, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"ఎందుకే? నా ఎరుపు చూస్తే దేవుడి కంట్లో నలక పడుతుందా?"

"జనం చూస్తారు."

"చూడనీ. ఎవరో ఒకళ్ళు చూడాలిగా నన్ను."

నా పేరు జిగ్బోడి. మా భాషలో ఓర్పు అని అర్థం. నవ్వుకోండి, పరవాలేదు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు తక్కువే. బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఊరందరికీ నేను ఎసినామ్ వాళ్ళమ్మనే. పడవ మునిగిన మర్నాడే మళ్ళీ జిగ్బోడి అనడం మొదలుపెట్టారు. నా బాధ చూసి అలా అంటున్నామనుకుంటారు వాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. బిడ్డతో పాటు ఆ పిలుపు కూడా లాక్కున్నారు.

మా సరస్సు అడుగున అడవి ఉంది. ఆనకట్ట కట్టినప్పుడు చెట్లు కొట్టకుండానే నీళ్ళు నింపేశారు. ఆ చెట్లు మోళ్ళయి ఇంకా నీళ్ళ కింద నిలబడే ఉన్నాయి. నీరు తగ్గే రోజుల్లో పడవ అడుగుకి తగులుతాయి. ఆ రోజు సంతకి వెళ్ళే పడవ మనుషులతో, పెండలం బస్తాలతో, మేకలతో కిక్కిరిసి ఉంది. నా పొగచేపల బుట్టతో ఎసినామ్ ఎక్కింది. మా చర్చి స్త్రీల సమాజం పెద్ద కఫూయి కూడా ఎక్కింది. అవతలి రేవు కనిపిస్తుండగా మోడు గుద్దుకుని పడవ నిలువునా చీలింది. ఒడ్డుకి చేరింది కఫూయి ఒక్కతే.

మిగతావాళ్ళ శవాలు ఒక్కొక్కటిగా తేలాయి. నా బిడ్డ తేలలేదు. మోళ్ళ మధ్య చిక్కుకుని ఉంటుందన్నారు. కొన్నాళ్ళు వెతికి, ఇక లాభం లేదని వలలు ఎత్తేశారు. పోయినవాళ్ళ పేరు చర్చిలో చదివేది శవపేటిక ముందర పెట్టుకుని. నాకు పేటిక లేదు. కాబట్టి నా బిడ్డ పేరు ఎవరూ చదవలేదు.

"శవం దొరకనివ్వమ్మా, ఘనంగా చేద్దాం," అన్నాడు అగ్బెన్యెగా పాస్టరు, నేను అడిగిన ప్రతిసారీ.

"దొరక్కపోతే?"

"దేవుడికి తెలుసమ్మా అది ఎక్కడుందో."

"ఆయనకి తెలిస్తే సరిపోతుందా? నాకు చెప్పొద్దా?"

నాకు పెళ్ళయి ఎంతో కాలం పిల్లలు లేరు. ఆ చర్చి నేల మీదే మోకాళ్ళు కాయలు కాచేలా ఏడ్చి కన్నాను దాన్ని. అందుకే ఎసినామ్ అని పెట్టుకున్నాను, ఆయన నా మొర విన్నాడు అని. ఆ పేరు ఆ గోడల మధ్య ఒక్కసారి గట్టిగా వినపడాలి. నేను అడిగింది అంతే. ఒక మనిషి ఉండేదని, ఇప్పుడు లేదని ఆయన ఇంట్లో ఆయనకి చెప్పాలి.

దానికి నీళ్ళంటే ప్రాణభయం. సరస్సు ఒడ్డున పుట్టి, మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. తోటిపిల్లలు చేపల్లా ఈదుతుంటే ఇది ఒడ్డున కూర్చుని వాళ్ళ బట్టలకి కాపలా కాసేది. అందుకని పడవ ఎక్కినప్పుడల్లా నేనే దాని చేతికి ఒక ఖాళీ నూనె డబ్బా ఇచ్చేదాన్ని, మూత గట్టిగా బిగించి. మునిగితే తేలుతుందని. అలాంటి పసుపు డబ్బాలు నీళ్ళు పట్టుకోవడానికి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. కుళాయి దగ్గర కలిసిపోకుండా ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. మా డబ్బా మీద ఎసినామ్ కత్తి కాల్చి చేప బొమ్మ గీసింది. చివర్లో చెయ్యి కాలి కత్తి వదిలేసింది. దాంతో చేపకి తోక లేకుండా పోయింది.

రేవులో అందరూ ఏడిపించేవాళ్ళు. అందరికంటే ఎక్కువ కఫూయే. "ఏమే, పడవలో నీళ్ళు మోసుకెళ్తున్నావా? సరస్సు ఎండిపోయిందనుకున్నావా?" అనేది. ఎసినామ్ నవ్వేసేది. అది ఎవరి మీదా కోపం పెట్టుకోదు. ఆ గుణం నా నుంచి రాలేదు.

మా చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలంటే ముందు శనివారం పాస్టరు దగ్గర చెప్పి వినిపించాలి. ఆయన దిద్దుతాడు. మనుషుల పేర్లన్నీ తీసేస్తాడు. మహిమ దేవుడిది, మనుషులకి పంచకూడదంటాడు. యావాని పాము కరిచినప్పుడు ఒక నర్సు రాత్రంతా పక్కనే కూర్చుని బతికించింది. సాక్ష్యంలోకి వచ్చేసరికి నర్సూ లేదు, మందూ లేదు, పాము మాత్రం మిగిలింది. అప్పుడు నేనూ నవ్వి స్తోత్రం అన్నాను. తీసేసిన పేరు మనది కాదు కదా.

ఆ ఆదివారం చర్చి కొంగల గుంపులా తెల్లగా ఉంది. నేను వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాను. పక్కనున్నవాళ్ళు జరిగారు. నాకు ఇంకా చోటు దొరికింది, మంచిదే. పాస్టరు మాట్లాడాడు. తల మీద వెంట్రుకలు కూడా దేవుడి లెక్కలో ఉంటాయన్నాడు. పిచ్చుక నేల రాలినా ఆయనకి తెలుస్తుందన్నాడు. తెలిసి ఊరుకుంటాడా? అయితే ఆ పిచ్చుకకి ఒరిగిందేమిటి? ఈ మాట పైకి అనలేదు.

తర్వాత బాకాలు మోగాయి. కఫూయి నాట్యం చేస్తూ వచ్చింది. వెనక స్త్రీల సమాజం, చేతుల్లో తెల్ల రుమాళ్ళు. ఆమె నెత్తిన ఏదో మొక్కుబడి వస్తువు, పైన తెల్ల అల్లిక బట్ట కప్పి ఉంది. దాన్ని బల్ల దగ్గర దింపి మైకు పట్టుకుంది.

"పడవ పగిలిందయ్యా! నేను మునిగిపోయాను. ఊపిరాగిపోతోంది. అప్పుడు నా దేవుడు పేరు పెట్టి పిలిచాడు, కఫూయీ అని! ఒక దూతని పంపాడు. ఆ దూత నా చేతుల్లో దీన్ని పెట్టాడు. ఇదే నన్ను ఒడ్డుకి చేర్చింది!"

"స్తోత్రం!" అని చర్చి ఊగిపోయింది. రుమాళ్ళు గాల్లోకి లేచాయి.

పేరు పెట్టి పిలిచాడట. ఒకే పడవలో ఒకరి పేరు గుర్తుంది, మిగతావాళ్ళవి మర్చిపోయాడు కాబోలు. కఫూయి ఆ ఊపులో మళ్ళీ నాట్యం మొదలుపెట్టింది. ఆమె కొంగు తగిలి అల్లిక బట్ట జారింది. కింద పసుపు డబ్బా. దాని మీద కాలిన గీతలు. చేప. తోక లేదు.

లేచింది నేనో నా కాళ్ళో తెలియదు. వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాను. బాకాలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

"కఫూయక్కా, ఈ డబ్బా ఎక్కడిది?"

ఆమె ముఖం పాలిపోయింది. పాస్టరు గబగబా దిగి వచ్చాడు.

"జిగ్బోడమ్మా, నీ దుఃఖం మాకు తెలుసు. ఇది సాక్ష్యం వేళ. ఆరాధన అయ్యాక మాట్లాడుకుందాం."

"శవం దొరికాక, ఆరాధన అయ్యాక! నాకు అన్నీ తర్వాతేనా పాస్టరుగారూ? మీ దూతకి తోక లేని చేప గీయడం ఎవరు నేర్పారో అది చెప్పండి ముందు."

"అమ్మా, నెమ్మదించు..."

"నెమ్మదించను. ఆ తల మీద వెంట్రుకలు దేవుడికి లెక్క తెలుసన్నారుగా? పడవ మునిగిన రోజు పొద్దున నా బిడ్డ తల దువ్వి ఒక్కో పాయా అల్లింది నేను. పిల్ల మెడ నొప్పి పుడుతోందమ్మా అంటున్నా వదలకుండా అల్లాను. దేవుడు ఉత్త లెక్కలే చూసుకున్నాడా? ఒక్క జడైనా పట్టుకుని పైకి లాగలేకపోయాడా?"

ఎవరో "అపచారం" అన్నారు. "అపచారం నేను చేశానా, నా మీద జరిగిందా?" అని అటు తిరిగాను.

కఫూయి మైకు కింద పెట్టేసింది. తలకి చుట్టుకున్న తెల్లబట్ట విప్పింది. అంత పెద్ద మనిషి సిమెంటు నేల మీద చతికిలబడింది.

"నేను చెప్పాను ఎసినామ్ వాళ్ళమ్మా," అంది. "పాస్టరుగారికి శనివారం మొత్తం చెప్పాను. నీ పిల్ల పేరు చెప్పాను. మనుషుల పేరు వద్దు, దూత అను చాలు అన్నారు. నాక్కూడా... నాక్కూడా అదే హాయనిపించింది."

"ఏం జరిగింది?"

"అది డబ్బా పట్టుకుని తేలుతోంది. నేను మునుగుతూ లేస్తూ ఉన్నాను. నన్ను చూసింది. అంతమంది అరుస్తుంటే, నా వైపు చూసింది. కాళ్ళు కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి డబ్బా నా చేతుల్లోకి తోసింది. 'కఫూయత్తా, నువ్వు పట్టుకో, నాకు ఈత వచ్చు' అంది."

మా ఊళ్ళో ఎసినామ్‌కి ఈత రాదని తెలియనివాళ్ళు లేరు.

"నీకు తెలుసు," అన్నాను.

"తెలుసు."

"రేవులో దాన్ని అందరికంటే ఎక్కువ ఏడిపించింది నువ్వే."

"తెలిసే తీసుకున్నాను. అబద్ధమని తెలిసే పట్టుకున్నాను. ఇద్దరం పట్టుకోవచ్చేమో, నేను అడగలేదు. నాకు బతకాలనిపించింది." ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నన్ను కొట్టు."

కొట్టాలనే ఉంది. చెయ్యి లేవలేదు. కఫూయి ఆ నీళ్ళలో ఎలా ఉండి ఉంటుందో నాకు కనిపించింది, అది ఇంకా కోపం తెప్పించింది. డబ్బా ఎత్తి చంకలో పెట్టుకున్నాను. ఎసినామ్‌ని చిన్నప్పుడు ఎత్తుకున్న చోటే.

యావా వచ్చి నా భుజం పట్టుకుంది. అది ఏడుస్తోంది. "వదినా," అని మెల్లిగా అంది, "ఆయన చూశాడేమో. కఫూయిని ఆయన చూసింది మన పిల్ల కళ్ళతోనేమో."

మంచి మాటే. ఇంకో రోజు విని ఉంటే ఓదార్పుగా ఉండేది.

"అయితే ఆ కళ్ళు ఇప్పుడు నీళ్ళ అడుగున మోళ్ళ మధ్య ఉన్నాయి," అన్నాను, చర్చి మొత్తానికి వినపడేలా. "ఆయన్ని తన కళ్ళు తనే వెతికి తెచ్చుకోమను. దానికి భయమేసి ఉండదా? మోకాలి లోతుకే వణికే పిల్ల! దాన్ని ఎవరు చూశారు? దాని చేతుల్లో ఎవరు ఏం పెట్టారు?"

పాస్టరు కళ్ళద్దాలు తీసి అంగీకి తుడుచుకుంటూ ఉన్నాడు. "ప్రార్థన చేద్దాం," అన్నాడు చివరికి. "అందరూ కళ్ళు మూసుకోండి."

"ఎవరూ మూసుకోవద్దు," అన్నాను. "ముందు దాని పేరు చదవండి."

"అమ్మా, శవపేటిక లేకుండా..."

నేను డబ్బాని బల్ల మీద పెట్టాను. కానుకలు పెట్టే చోట, సరిగ్గా మధ్యలో. చేప గుర్తు ఆయన వైపు తిప్పి పెట్టాను.

"చదవండి."

ఆయన డబ్బా వంక చూశాడు. తర్వాత పేరు పలికాడు, నేలతో చెప్పినట్టు, గొణుగుతూ. "ఎసినామ్."

"ఇంకోసారి."

"ఎసినామ్."

"వినపడలేదు."

నేల మీద నుంచి కఫూయి గొంతెత్తి పిలిచింది. పాటలు పాడే గొంతు అది, కప్పు రేకులు అదిరాయి. వెనక నుంచి యావా పిలిచింది. తర్వాత ఒక వరస, ఆ వెనక వరస. తెల్లబట్టల జనమంతా నా కూతురి పేరు పిలిచారు. నేను పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాను. నా కోపం ఒక్క పిసరు తగ్గలేదు.

వాళ్ళు ఆగారు. నేను చెయ్యి ఊపాను.

"ఆపకండి," అన్నాను. "ఆయన ఇంకా ఇటు తిరగలేదు."