మా ఇంట్లో దిగిన వెర్నా

ఇప్పటి పరుగుపిల్లలు పోటీలకొస్తే హోటళ్లలో దిగుతారట. మా రోజుల్లో ఆ వైభోగం లేదు. జీతం బత్తెం లేని మా అమెచ్యూర్ జాతీయ పోటీలు ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి పరుగుపిల్లల ఇళ్లే పైఊరి వాళ్లకు విడిది. ఎవరింట్లో ఎవరు దిగాలో పోటీలు జరిపే సంఘం వాళ్లు తేల్చేవారు. ఆ ఏడు మా అడిలైడ్ వంతు. నూరు గజాల పరుగులో నన్ను ఓడించగల పిల్ల దేశం మొత్తం మీద వెర్నా ఒక్కతే. సంఘం వాళ్లు సరిగ్గా దాన్నే తెచ్చి నా మంచం మీద పడుకోబెట్టారు. నేను వరండాలోకి మారాను.

పాపం వెర్నా, పెర్త్ నుంచి ఎడారి దాటి రోజుల తరబడి రైల్లో వచ్చింది. జుట్టు నిండా ఎర్రదుమ్ము. దాన్ని చూసి మా అమ్మ కరిగి నీరైపోయింది.

"ఎముకలు తేలిపోయాయి కదే తల్లీ! ఇంకో పాస్టీ తిను."

"వద్దాంటీ, ఇంక పరిగెత్తలేను."

"పెట్టమ్మా, బాగా పెట్టు," అన్నాను నేను.

"నోర్మూసుకో మర్టిల్. ఇంటికొచ్చిన పిల్లతో మాట్లాడే తీరేనా అది?"

పిండిలో మాంసం కూరి కాల్చిన ఆ పాస్టీల వాసన తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు నోరూరుతుంది. అంత బాగా వండే మా అమ్మ నా పరుగు చూడ్డానికి మాత్రం ఒక్కనాడూ రాలేదు. ఆడపిల్ల నిక్కరు వేసుకుని పదిమందిలో పరిగెత్తడమేమిటని ఆమె బాధ. నేను గెలుస్తుంటే అమ్మ ఒక్కసారి చూడాలని నా బాధ. పతకం కన్నా నాకు అదే ముఖ్యం.

పోటీ రోజు, శనివారం పొద్దున, అమ్మ చర్చికి పెట్టుకునే టోపీ బయటికి తీసింది. నా గుండె ఎగిరి గంతేసింది.

"వస్తున్నావా అమ్మా?"

"పైఊరి పిల్ల. దాని తరఫున ఒక్కరైనా ఉండొద్దూ?" అంది.

మైదానంలో గడ్డి తడిగా ఉంది. అప్పట్లో బయలుదేరే గీత దగ్గర కాళ్లు ఆన్చుకోవడానికి ఎవరి గుంటలు వాళ్లే తవ్వుకోవాలి. వెర్నా తన చేతిపార ఇంట్లో మరిచిపోయి వచ్చింది. ఇద్దరం నా దానితోనే తవ్వుకున్నాం.

"మీ అమ్మ పాస్టీలు కడుపులో రాళ్లలా కూర్చున్నాయే. ఇదంతా మీ కుట్ర," అంది.

"తినమన్నది ఆవిడ. మింగింది నువ్వు," అన్నాను.

తుపాకీ పేలింది. సగం దూరం పోయేసరికి వెర్నా నాకన్నా ముందుంది. నేనెంత లాగినా ఆ వీపు దగ్గరకు రావడం లేదు. అప్పుడు కంచె దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది.

"వెర్నా! వెర్నా!"

అది మా అమ్మ. చర్చిలో పాట కూడా పక్కవాళ్లకు వినపడకుండా పాడే మనిషి, మైదానమంతా మారుమోగేలా అరుస్తోంది. కన్నతల్లి! ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే కాళ్లు ముందుకు లేచాయి. తనను పేరుపెట్టి పిలిచేవాళ్లే లేని ఊళ్లో తన పేరు వినేసరికి వెర్నా తల పక్కకు తిప్పింది. రెప్పపాటే. గమ్యం దగ్గర కట్టిన ఉన్నిదారం నా గుండెలకు తగిలి తెగింది.

వెర్నా నన్ను కావలించుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఎవరో పిలిచారే. ఒక్క క్షణం మా అమ్మే అనుకున్నాను."

అంతలో అమ్మ వచ్చి తన కోటు దాని భుజాల మీద కప్పింది. నావైపు చూడనైనా లేదు. గెలిచి ఏడ్చిన పిల్ల ఆ రోజు మైదానంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

సాయంత్రం వెర్నా స్నానానికి వెళ్లింది. అమ్మ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నేనిక ఆగలేకపోయాను.

"గెలిచింది నేనమ్మా. ఒక్కసారైనా నా పేరు అరవచ్చు కదా?"

అమ్మ తల ఎత్తలేదు.

"నీ పేరు అరిస్తే నువ్వు తిరిగి చూడవూ?" అంది, ఇంకో దుంప అందుకుంటూ.